ఎర్రపట్టె, తెల్లపట్టె

పాకాల,
12 అక్టోబరు 2003

వదినా,

నెట్ సెంటర్లో కూర్చుని తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపమన్నావు. ప్రయత్నించాను. "నేను బాగున్నాను" అని కొట్టి చదువుకుంటే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి బాగున్నట్టు అనిపించింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మేనత్త కూతురివి, నాకంటే పెద్దదానివి, తిట్టాలనుకుంటే తిట్టు. ఇటలీ నుంచి పాకాల చేరేలోపు ఎంత తిట్టయినా చల్లారిపోతుంది.

వార్త ఏమిటంటే, నన్ను ఇక్కడి బాలికల బడికి హెడ్మిస్ట్రెస్‌ను చేశారు. యూనివర్సిటీలో సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో పేజీలకు పేజీలు రాసినదాన్ని, ఇప్పుడు ఒక గోడ దగ్గర ఆగిపోయాను.

మా బడికి రెండు గేట్లు. ముందుది చిత్తూరు రోడ్డు మీద ఉంది, ఎప్పుడూ లారీలు. వెనకది రైల్వేస్టేషన్ వైపు సందులో. రైలు దిగే పిల్లలకూ, పట్టాల అవతలి పల్లెల నుంచి నడిచి వచ్చే పిల్లలకూ వెనక గేటే దగ్గర. కానీ దానికి ఎప్పుడో తాళం పడింది. సందు పొడుగునా మా కాంపౌండు గోడే కదా, స్టేషన్లో దిగిన మగవాళ్ళందరూ ఒకటికి ఆ గోడ దగ్గరికే వస్తారు. ఆడపిల్లలు ఆ సందులో ఎలా నడుస్తారు?

పోయిన నెల నందిని అనే తొమ్మిదో తరగతి పిల్ల ముందు గేటు దగ్గర లారీ తగిలి పడింది. దేవుడి దయ, చేతికి కట్టుతో పోయింది. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్ళు మా బడిలో లేరు. వాళ్ళ నాయన కుప్పయ్య రైల్వే గ్యాంగులో పని చేస్తాడు. వచ్చి నా గదిలో నిలబడే మాట్లాడాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముందరేమో లారీలు, వెనకాలేమో ఆ కంపు. నా బిడ్డ యాడ నడిచి రావాల మేడమ్? జూన్ దాకా సూస్తా. ఆ గేటు తెరిస్తే పదికి పంపిస్తా. లేదంటే ఇంట్లో ఉంటాది."

అతనొక్కడే కాదు, పట్టాల అవతల చాలామంది తండ్రులది అదే మాట.

వెనక గేటు పక్కనే టీ అంగడి నడిపే ఏకాంబరం నాకో ఉపాయం చెప్పాడు. "దేవుళ్ళ బొమ్మలు ఏయించండి మేడమ్. ఎంకటేశ్వరసామి, యేసు, మక్కా, వరసగా! ఎవుడొచ్చి ఆడ నిలబడతాడో సూద్దాం." ఊరంతా చేసేది అదే, నాకూ తెలుసు. కానీ మనసు ఒప్పలేదు. దేవుళ్ళకు మనం ఇచ్చే ఉద్యోగం ఇదా? పోనీ అనుకుంటే, ఏ దేవుణ్ణి గేటుకు దగ్గరగా వేయాలి, ఎవరిని మూలకు తోయాలి? స్టాఫ్ రూములో యుద్ధాలైపోతాయి. అలాగని వేరే దారీ తోచడం లేదు. నా సంగతి నీకు తెలుసు కదా, రెండు చీరలు ముందు పెడితే పెళ్ళి అయిపోయేదాకా ఆలోచిస్తూ కూర్చుంటాను.

అక్కడ గోడల్ని ఏం చేస్తారు?

అన్నయ్యకు నమస్కారాలు.

నీ
కోమలి

*

బొలోనియా,
9 నవంబరు 2003

మే కోమలీ,

హెడ్మిస్ట్రెస్ అమ్మగారికి దండాలు. ఇంక నిన్ను తిట్టాలంటే పర్మిషన్ లెటర్ పెట్టుకోవాలేమో!

ఇక్కడి గోడల గురించి నన్నా అడిగేది? రాణిపేట తోళ్ళ కంపెనీ మీ అన్నను ఈ ఊరికి పంపినప్పటి నుంచి నేను చేసే పని గోడలు చూడడమే కదా. ఆయనేమో చెప్పుల కంపెనీల చుట్టూ తోళ్ళ నమూనాలు పట్టుకుని తిరుగుతాడు. నేనేమో కూరగాయల సంచి పట్టుకుని గోడలు చూసుకుంటూ తిరుగుతాను. ఇక్కడ తాగినవాళ్ళు గోడల్ని ఏం చేస్తారో రాయను. మీ స్టేషన్ సందుకు తీసిపోరు.

మా కింది వాటాలో ఎలేనా అని ఒక పిల్ల ఉంది. పిల్ల అంటే ముప్పై దాటింది, కానీ ప్యాంటు నిండా రంగు మరకలతో ఉంటే పిల్ల అనే అనిపిస్తుంది. గోడలకు బొమ్మలు వేయడమే దాని పని. బొమ్మలంటే మనిషి, చెట్టు, పిల్లి అనుకునేవు. అవేమీ కాదు. ఉత్త రంగులూ ఆకారాలూ. ఈ దేశంలో కుర్రకారు ముందు గోడల మీద పేర్లు రాసుకునేవాళ్ళట. ఇప్పుడు కొంతమంది పేర్లూ మొహాలూ అన్నీ వదిలేసి, ఆకారం లేని బొమ్మలకు దిగారు. కొందరు దొంగచాటుగా వేసి పారిపోతారు. ఎలేనా మాత్రం మునిసిపాలిటీని అడిగి వేస్తుంది.

మొన్న రైలు వంతెన కింద ఒక బూడిదరంగు గోడ ఇచ్చారు దానికి. పొడుగాటి కర్రకు రోలరు కట్టి, రంగులో ముంచి, చెయ్యి చాపి ఒక్క లాగు లాగుతుంది చూడూ! గోడ మీద నారింజ రంగు వంపు ఒకటి, దాని కింద నల్లటి పలక ఒకటి, పక్కన సన్నటి గీతలు. సంతకు పోయి వస్తున్న ముసలావిడ ఆగి, "ఏంటిది?" అని అడిగింది. "నీకేం అనిపిస్తోంది అవ్వా?" అన్నది ఇది. "మా ఊరి పొలంలా ఉంది." "అయితే పొలమే!" అన్నది. తర్వాత పోస్టుమాన్ వచ్చి ఓడ అన్నాడు. సరే, ఓడే. ఎవరినీ కాదనదు.

వేసినన్ని రోజులూ ఆ వంతెన కింద ఒక్కడూ జిప్పు తీయలేదు. అర్థం కాని దాని ముందు మనిషి కొంచెం మర్యాదగా ఉంటాడేమో!

నేను నిచ్చెన పట్టుకున్నాను, అంతే. ఫోటోలు పెడుతున్నాను, చూడు. నీ గోడ మీద ఏ దేవుడూ వద్దనుకుంటే, ఏదీ కానిదే వెయ్యి.

జాహ్నవి వదిన

*

పాకాల,
18 జనవరి 2004

వదినా,

వేశాం!

నీ ఫోటోలు చూసి స్టాఫ్ రూములో నవ్వారు. "బొమ్మకు అర్థముండాల గదా మేడమ్, ఇదేంది, రంగు డబ్బా కింద పడిపోయినట్టుండాది" అన్నాడు మా ఆటల మాస్టారు. నేనూ లోపల అలాగే అనుకున్నాను. చాలారోజులు ఆ ఫోటోలు సొరుగులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. మాకు డ్రాయింగ్ టీచరే లేడు. నేను ముగ్గు వేస్తే చుక్కలే కలవవు. నేనెవరు గోడకు బొమ్మ వేయించడానికి?

అయితే ఒక రోజు నందిని ఆ ఫోటోలు చూసింది. కట్టు విప్పేశారు, చెయ్యి బాగైంది. "మేడమ్, ఇది మేం ఏస్తాం" అన్నది. అడగనైనా అడగలేదు, చెప్పింది!

రంగులు కొనే యోగం లేదు. గదులకు వెల్ల వేయగా మిగిలిన సున్నం ఉంది, అరుగులకు పూసే కావి ఉంది. అంతే. పిల్లలు వెల్ల కుంచెల్ని పొడుగు కర్రలకు కట్టారు, మీ ఎలేనా లాగానే. తొమ్మిదో తరగతంతా దిగింది. ముందు నీ ఫోటోలో ఉన్న వంపు గీయాలని చూశారు. వెల్ల కుంచెతో వంపు ఎక్కడ వస్తుంది వదినా! పైన ఆనించి కిందికి లాగితేనే అది సాగుతుంది, పక్కకు తిప్పితే మొహం మీద పడుతుంది. అందరి మొహాల మీదా పడింది. చివరికి నందినే తేల్చింది, "వంపులొద్దు, కిందికే లాగుదాం" అని. ఒక కావి పట్టె, ఒక సున్నం పట్టె, సన్నవి కొన్ని, లావువి కొన్ని, పైన ఎగుడుదిగుడుగా. గేటు దగ్గర రెండు ఎర్రపట్టెలు ఒకదానిమీదొకటి వచ్చి ముదురు రంగు అయ్యాయి. అది పొరపాటే, కానీ అదే అన్నిటికంటే బాగుంది.

రెండో రోజుకే ఫలితం కనిపించింది. మధ్యాహ్నం రైలు దిగిన ఒక పెద్దమనిషి అలవాటుగా గోడ వైపు నడిచాడు. దగ్గరికొచ్చి, తలెత్తి చూసి, పంచె సవరించుకుని వెళ్ళిపోయాడు. నేను మేడ మీది కిటికీలోంచి చూస్తున్నాను. పక్కన ఎవరైనా ఉంటే కావలించుకునేదాన్ని.

ఇప్పటికి వాసన పూర్తిగా పోయింది. బాగుందో లేదో నాకింకా తెలియదు. ఎలేనాకు చూపించి, నవ్వితే నవ్విందని రాయి. ఫోటో పెడుతున్నాను. వచ్చే నెల గేటు తాళం తీయిద్దామనుకుంటున్నాను.

నీ
కోమలి

*

బొలోనియా,
15 ఫిబ్రవరి 2004

కోమలీ,

ఎలేనా నవ్వలేదు. నీ ఫోటో లాక్కుపోయి తన గోడకు అంటించుకుంది. "వీళ్ళెవరు? ఎక్కడ నేర్చుకున్నారు? కుంచె ఎటు పొమ్మంటే అటే పోయారు, అది ఎంత కష్టమో తెలుసా?" అని నన్ను ఊపేసింది. దానికి ఇటాలియనులో జవాబు చెప్పేంత భాష నాకు లేదు. "మా మరదలి పిల్లలు" అన్నాను. ఇప్పుడు నీకు నలభైమంది పిల్లలని ఈ వీధంతా అనుకుంటోంది.

మీ అన్నకు కూడా చూపించాను. తోలు నమూనా చూసినట్టు దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, "బాగుంది, కానీ దీన్ని ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు. ఎక్కడో గుర్తుకు రాలేదట.

ఒక్కటి అడుగుతాను, కోప్పడాకు. ఫోటోలో కుడివైపు మూల, గోడకు కాస్త ఇవతల, చెప్పులు వరసగా ఉన్నాయి. మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ. ఏమే, మీ గోడ ముందర చెప్పులు ఎందుకు విడిచినారు?

ఉత్తరం పొట్టిగా రాస్తున్నానని అనుకోకు. మణికట్టు నొప్పి. రోలరు బరువు అంతా దాని మీదే పడుతుంది.

జాహ్నవి వదిన

*

పాకాల,
14 మార్చి 2004

వదినా,

నీ కళ్ళు పాడుగాను! ఆ చెప్పులు నాకు ముందే తెలుసు. జనవరి ఉత్తరంలో కావాలనే రాయలేదు. రెండు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. పోలేదు.

అన్నయ్యకు చెప్పు, ఆయన దాన్ని ఎక్కడ చూశాడో. ఎర్రపట్టె, తెల్లపట్టె, ఎర్రపట్టె, తెల్లపట్టె. మన వైపు ప్రతి గుడి గోడా అదే కదా వదినా! నేనూ నందినీ స్టాఫ్ అంతా రోజూ ఆ గోడ చూశాం, ఒక్కరికీ తట్టలేదు. మా కళ్ళకు మీ ఎలేనా గోడే కనిపించింది. రైలు దిగిన వాళ్ళకు ఇటలీ ఏం తెలుసు? కొత్తగా గుడి కట్టారనుకున్నారు. చెప్పులు విడిచారు, దండం పెట్టారు, పోయారు. మొదట నవ్వుకున్నాను.

తర్వాత ఏకాంబరం ఆ ముదురు ఎర్ర మరక కింద కర్పూరం వెలిగించాడు. "ఏంది ఏకాంబరం ఇది?" అన్నాను.

"నేనేం సేసినాను మేడమ్? జనం వస్తా ఉండారు, వెలిగిస్తా ఉండా. అంగడికీ మంచిదే అయిపాయ."

"ఎవరికి వెలిగిస్తున్నావు? ఏ దేవుడికి?"

"అది ఇంకా తెలీలేదు" అన్నాడు, ఏదో రిజల్టు రావాల్సి ఉన్నట్టు.

ఇప్పుడు గేటు ఎదురుగా త్రిశూలం పాతారు. నిమ్మకాయలు గుచ్చారు. స్టేషన్ వీధిలో ఉండే చంద్రకాంతమ్మ, రిటైరైన స్టేషన్ మాస్టరు భార్య, పొద్దున్నే వచ్చి పసుపునీళ్ళు చల్లిపోతుంది. ఆమె పేరు కూడా పెట్టేసింది, "పట్టెలమ్మ" అని. పేరు రావడంతో అయిపోయింది వదినా. పేరు లేనంతకాలం గోడ నాదే. పేరు వచ్చాక వాళ్ళది.

తాళం తీయించడానికి పోతే చంద్రకాంతమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. "తియ్యి తల్లీ, నేనెందుకు వద్దంటాను? కానీ ఇది అమ్మవారి వాకిలి. బయటున్న పిల్లలు ఇట్ల రాకూడదు. ఆ మూడు దినాలు ముందరి గేట్లో రమ్మను."

ఆడపిల్లల బడి వదినా! వెనక గేట్లో ఎవరు రాలేదో చూస్తే, ఏ పిల్ల ఏ రోజు బయట ఉందో సందంతా చెప్పుకుంటుంది. ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయాను, ఆమె వయసు చూసి ఊరుకున్నాను. ఇంటికొచ్చి అనవలసినవన్నీ పప్పు రుబ్బుతూ అన్నాను.

ఘోరం ఏమిటంటే కుప్పయ్య కూడా అటే తిరిగాడు. "కంపు పోయిందనుకుంటే సామి వచ్చె. బిడ్డ తెలీక ఏదన్నా సేస్తే మాకు తగులుకుంటాది మేడమ్. వద్దులే, తొమ్మిది సాలు." నందిని అతని వెనకే నిలబడి, నా బల్ల మీది పేపరు వెయిటును చూస్తోంది. ఆ గోడ వేసిన పిల్ల. ఆ గోడే ఆ పిల్ల చదువుకు అడ్డం వచ్చింది.

వెల్ల వేసి చెరిపేద్దామంటే సున్నం కొట్టేవాడు కుంచె ముట్టుకోనన్నాడు. "కండ్లు పోతాయి" అన్నాడు. నేనే కొట్టేయగలను. కానీ రాత్రికి రాత్రి అమ్మవారిని తుడిచేసిన హెడ్మిస్ట్రెస్ బడికి ఎవరు పిల్లల్ని పంపుతారు? ఎటు తిరిగినా నా చేతులు కట్టేసినట్టుంది. దేవుళ్ళ బొమ్మలే వేయించి ఉంటే, కనీసం వాళ్ళు నియమాలు తెలిసిన పాత దేవుళ్ళు!

అవునూ, నిచ్చెన పట్టుకునేదానికి రోలరు బరువు ఎందుకు పడింది వదినా?

నీ
కోమలి

*

బొలోనియా,
11 ఏప్రిల్ 2004

కోమలీ,

పట్టుబడ్డాను. చెబుతాను విను.

వంతెన కింద ఆ నారింజ వంపు ఉందే, అది నేను వేశాను. నిచ్చెన పట్టుకున్నది ఎలేనా. మొదటి రోజు "ఒక్కసారి లాగు" అని కర్ర చేతికిచ్చింది. లాగాను. తర్వాత తను తిరిగి అడగలేదు, నేను వదల్లేదు. ఇప్పుడు క్రేను లాంటి బండి ఎక్కి నాలుగో అంతస్తు ఎత్తున నిలబడి రంగు వేస్తున్నాను. చీర కుదరక మీ అన్న పాత ప్యాంటు వేసుకున్నాను. మీ అన్నకు తెలియదనుకున్నాను. ఒక రోజు కింద నిలబడి కేకేశాడు, "ఏమే, ఆ ప్యాంటు రేపు నాకు కావాల!" అని. ఆఫీసు వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు, చూపించడానికి.

నీకెందుకు రాయలేదంటే, నలభై ఆరేళ్ళకు ఇదేం పిచ్చి అంటావని. నువ్వు అనవు. నేనే అనుకున్నాను.

ఇంకో సంగతి. వంతెనకు మరమ్మతులని, ఆ గోడ మొత్తానికి మునిసిపాలిటీ వాళ్ళు పోయిన వారం బూడిదరంగు కొట్టేశారు. నా వంపు పోయింది. నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఎలేనా పక్కన నిలబడి నారింజ పండు ఒలుచుకుని తింటోంది. "నీకు బాధ లేదా?" అన్నాను. "గోడ వాళ్ళది. కొన్నాళ్ళు మనకిచ్చారు. నువ్వు అది ఎప్పటికీ ఉంటుందనుకున్నావా?" అని, సగం పండు నా చేతిలో పెట్టింది. ఇక్కడ వీధి గోడల పని అంతా అలాగే. వానకో ఎండకో మునిసిపాలిటీకో పోతుంది. పోయిన చోటే మళ్ళీ ఎవరో వేస్తారు.

నీ అమ్మవారి సంగతి చెప్పి, ఏం చెయ్యాలని అడిగాను. దానికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒకటే అడిగింది. నీకు పంపమన్నది, పంపుతున్నాను: "మీ ఊళ్ళో ఒక దేవత వస్తే ఇంక పోదా?"

జవాబు నువ్వే చెప్పాల. ఊరు వదిలి చాలా రోజులైంది.

జాహ్నవి వదిన

*

పాకాల,
30 మే 2004

వదినా,

ముందుగా, ఆ ప్యాంటులో ఉన్న ఫోటో వెంటనే పంపు. పిచ్చి అననుగాక అనను. బడిలో ఫ్రేము కట్టించి పెడతాను.

ఎలేనా ప్రశ్న చదివి చాలా రోజులు విసుక్కున్నాను. తెలియనివాళ్ళకు అడగడం సులువు అనుకున్నాను. సెలవులిచ్చారు. చెల్లెలు రమ్మంటే తిరుపతి గంగమ్మ జాతరకు పోయాను. చిన్నప్పుడు నువ్వూ నేనూ చూసిందే. మగవాళ్ళు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని మొక్కులు తీర్చుకోవడం, వీధుల్లో వేషాలు, చివరి రోజు గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం. అంత పెద్ద మొహం! చూస్తూండగానే చెంప నరికారు. జనం విరుచుకుపడి ఆ మట్టిని ఇంత ఇంత తీసుకున్నారు. కాసేపటికి అక్కడ ఏమీ లేదు.

అక్కడే, నా పక్కన, గులాబీరంగు చీర కట్టుకుని, మీసాలతో, తలనిండా మల్లెపూలతో, కొంగులో మట్టి మూట కట్టుకుంటూ ఒక మనిషి. "మేడమ్!" అన్నది. అన్నాడు. మన ఏకాంబరం!

"ఏం ఏకాంబరం, ఈ చీరెవరిది?"

"మా ఆడోళ్ళది మేడమ్. మరక సేసుకోనొస్తే అన్నం పెట్టనన్నాది."

"ఆ మట్టి ఏం చేస్తావు?"

"ఇంటికాడ అందురికీ ఇంత ఇస్తా. సల్లగా ఉంటాది."

"అమ్మవారిని పగలగొట్టారు కదా, కండ్లు పోవా?"

నా వైపు జాలిగా చూశాడు. "ఇంత సదువుకోని అట్ల అంటారేంది మేడమ్? వచ్చినామె పోవాల గదా. ఆమె పోతానే మంది సేతికి ఇంత ఇచ్చి పోతాది. ఏడాదికి మళ్ళా వస్తాది."

"మన గోడ మీదామె ఎప్పుడు పోతుంది?"

కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఆగిపోయాడు. "ఆమెను ఎవురు పంపించినారు మేడమ్? వచ్చినప్పట్నించి అట్లనే నిలబెట్టేసినాము. ఒక జాతరన్నా సెయ్యలేదే!"

వదినా, నాకు ఆ జనంలో గెంతాలనిపించింది. చీర కట్టుకుని, నలిగిపోయి, చెమటలు కారుతున్న ఏకాంబరంతో ఆ మూడు దినాల మాట కూడా ఎత్తాను. ప్యాంటు చొక్కాలో ఉంటే ఎత్తేదాన్ని కాదేమో. "అది నాకు తెలీదు మేడమ్, సంద్రకాంతమ్మను అడగాల. కానీ అమ్మవారు పోయినాక వాకిలి యాడుంటాది?" అన్నాడు.

పాకాల వచ్చి చంద్రకాంతమ్మ ఇంటికి పోయాను. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆఖరికి అడిగేశాను, "అమ్మవారికి జాతర చేసి పంపిద్దామా?" అని. ఆమె పోట్లాడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది. "నీకు భక్తి లేదనుకుంటిని తల్లీ" అన్నది. నాకు సిగ్గేసింది. ఉందో లేదో నాకే తెలియదు కదా.

మొన్న ఆదివారం చేశాం. డప్పులు, వేపాకు, అంబలి. సందు నిండిపోయింది. అంతా బాగుంది, గోడ ముందర మాత్రం ఆగిపోయారు. తిరుపతిలో చెంప నరకడానికి వంశాల వాళ్ళున్నారు. ఇక్కడ ఎవరికి హక్కు? ఏకాంబరం వెనక్కి తగ్గాడు. డప్పుల వాళ్ళు కొట్టీ కొట్టీ అలసిపోతున్నారు. నేను పోదామని అడుగు వేశాను. ఈలోపల నందిని జనంలోంచి వచ్చింది, చేతిలో కొబ్బరి చిప్ప.

"గీసింది నేనే గదా. నేనే తీస్తా" అన్నది.

కుప్పయ్య "బిడ్డా!" అన్నాడు. అప్పటికే పైనుంచి కిందికి ఒక్క లాగు లాగేసింది. ఎర్రటి పెచ్చులు రాలాయి. చంద్రకాంతమ్మే ముందుకొచ్చి కొంగు పట్టింది. అంతే, ఇంక చూసుకో! తువ్వాళ్ళు, కొంగులు, టిఫిను డబ్బాలు. తొమ్మిదో తరగతంతా చిప్పలతో గోడ మీద పడింది. ఎండ నెత్తికెక్కేసరికి గోడ మీద ఒక్క పట్టె లేదు. త్రిశూలాన్ని ఏకాంబరం తడిబట్టలో చుట్టుకుపోయాడు. గేటు తెరిచాం. కుప్పయ్య దాన్ని రెండుసార్లు తోసి చూసి, బందులకు నూనె వేయాలన్నాడు.

నీ
కోమలి

*

పాకాల,
4 జులై 2004

వదినా,

బడి తెరిచాం. పిల్లలు వెనక గేట్లోంచి వస్తున్నారు, అన్ని రోజులూ, అందరూ. నందిని పదో తరగతి. కుప్పయ్య మొదటి రోజు తనే వచ్చి దింపాడు, గేటు బందులకు నూనె వేసిపోయాడు.

గోడకు మళ్ళీ వేశారు. ఈసారి కుంచెలు కాదు, తడిపిన గోనెసంచులతో అద్దారు. నీలిమందు, ఆకుపచ్చ, మబ్బుల్లాంటివి, అడ్డదిడ్డంగా. ఎర్ర రంగు ముట్టుకోకూడదని పిల్లలే తీర్మానం చేశారు. చెప్పులు ఎవరూ విడవడం లేదు. ఎవరూ జిప్పూ తీయడం లేదు. ఏదో పెద్ద ఆఫీసు అనుకుంటున్నారని ఏకాంబరం అంటాడు. ప్రతి ఏడూ జాతర చేసి గీకేసి మళ్ళీ వేయాలని సందులో అందరూ అనుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు నీకొక్కదానికే రాస్తున్నాను. చదివి చింపేసెయ్యి.

మొన్న సాయంత్రం నందిని నా గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. "మేడమ్, ఒకటి సెప్పాల. ఆ పొద్దు గోడ గీకినాను గదా. ఆ పొద్దు నేను బయట ఉండాను."

నా చెయ్యి నోటి మీదికి పోయింది. నవ్వు ఆపుకోవడానికో, భయానికో, నాకే తెలియదు.

"తెలిసే చేశావా?"

"తెలిసే. ఎవురూ ముందరికి రాలేదు. నేను కూడా పోకపోతే గేటు ఎట్ల తెరుస్తారు?" అని, కొంచెం ఆగి, "ఏమన్నా అయితాదేమో అని వారం రోజులు నిద్ర పట్టలా మేడమ్. ఏమీ కాలా. ఇంక నాకు భయం లేదు. సంద్రకాంతమ్మకు సెప్పేద్దామా?" అన్నది.

అదీ సమస్య. చంద్రకాంతమ్మ ఆ పెచ్చుల్ని పసుపుగుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. రోజూ రవ్వంత నూనెలో కలిపి కుడి మోకాలికి రాసుకుంటోంది. ఏళ్ళ నుంచి కుంటుతూ నడిచే మనిషి, ఇప్పుడు స్టేషన్ దాకా విసవిసా నడిచి వస్తోంది. దారిలో కనబడిన వాళ్ళందరికీ మోకాలు వంచి చూపిస్తోంది, "అమ్మవారి మహిమ, ఆ పిల్ల చేతి చలవ" అని.

చెబితే ఆ మోకాలు ఏమవుతుందో అని భయం. చెప్పకపోతే, ఎప్పుడో ఒకరోజు మళ్ళీ ఆ మాటే ఇంకో గేటు దగ్గర అంటుందేమో అని భయం. పిల్ల ధైర్యంగా చెబుదామంటుంటే నేను ఆపడం న్యాయమేనా? రెండు రోజుల నుంచి తిరగేసి మరగేసి ఆలోచిస్తున్నాను. నువ్వే చెప్పు.

నీ
కోమలి

*

బొలోనియా,
25 జులై 2004

కోమలీ,

నీ ఉత్తరం చింపలేదు. ఎలేనాకు నా వచ్చీ రాని ఇటాలియనులో చదివి వినిపించాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాం. నందినికి నా ముద్దులు.

చెప్పాల్సిందే మే. ఆ పిల్లే చెప్పాల, నువ్వు పక్కన నిలబడాల. అయితే కొంచెం ఆగండి. చంద్రకాంతమ్మ ఎడమ మోకాలి నొప్పి కూడా తగ్గనీండి.

జాహ్నవి వదిన